టామ్ లిన్ పాటలో ఫెయిరీలు నరకానికి పన్ను ఎందుకు కడతారు?

క్లుప్తంగా

టామ్ లిన్ అనేది స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతంలో పుట్టిన పాత కథాగేయం, 1549 నాటికే ఈ కథ జనం నోళ్ళలో ఉందని రాతపూర్వకంగా దొరుకుతోంది. ఫెయిరీల రాణి దగ్గర చిక్కుకుపోయిన ఒక యువకుణ్ణి, అతని వల్ల గర్భవతి అయిన జానెట్ అనే అమ్మాయి హాలోవీన్ రాత్రి గట్టిగా పట్టుకుని వెనక్కి తెచ్చుకోవడం కథ. ఇందులో ఫెయిరీలకి ఒక సరిహద్దు ఉంది, ఒక బాకీ ఉంది, ఒక గడువు ఉంది, అవి తెలియకపోతే పాట అర్థం కాదు. దీనికి అంటిస్తున్న "సెల్టిక్" (ఐర్లాండ్, వేల్స్, ఉత్తర స్కాట్లాండ్ లాంటి చోట్ల పాత భాషల, సంస్కృతుల కుటుంబం) అనే లేబుల్ సగం వరకే నిజం.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

అక్టోబర్ వచ్చిందంటే హాలోవీన్ ప్లేలిస్టుల్లో ఈ పాట పైకి తేలుతుంది. అమెరికాలో, బ్రిటన్ లో ఉన్న తెలుగు కుటుంబాలకి పిల్లల స్కూల్ వల్ల హాలోవీన్ ఎలాగూ అలవాటే, ఈ మధ్య హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూడా గుమ్మడికాయలు, మాస్కులు కనిపిస్తున్నాయి, కాబట్టి ఎవరో ఒకరికి ఎక్కడో ఒకచోట ఇది తగులుతూనే ఉంటుంది. ఎక్కువమందికి ముందు తగిలేది ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండ్ 1969లో రికార్డు చేసిన వెర్షన్, శాండీ డెన్నీ పాడింది, ఏడు నిమిషాల పైనే ఉంటుంది. వింటుంటే ఒక అమ్మాయి పువ్వు కోస్తుంది, ఎవడో వస్తాడు, ఆమె ఇంటికెళ్తుంది, నాన్న ఏదో అంటాడు, మళ్ళీ పువ్వు కోస్తుంది, తర్వాత గుర్రాలు, పాములు, సింహం, చివర్లో ఎవరో రాణి కోపంగా ఏదో అంటుంది. ట్యూన్ పట్టేసుకుంటుంది కానీ కథలో ఎవరు ఎవరికి ఏం చేశారో, ఎందుకు చేశారో అంతుచిక్కదు.

దీనికి మొదటి కారణం ఫెయిరీ అనే మాటే. మనం దాన్ని "దేవకన్య" అని అనువదించుకుంటాం, దాంతో రెక్కలు, మంత్రదండం, చేతి వేలంత ఒళ్ళు కళ్ళ ముందుకొస్తాయి. ఆ బొమ్మ బాగా ప్రచారంలోకి వచ్చింది విక్టోరియా రాణి కాలంలో, పిల్లల పుస్తకాల వల్ల. పాట పుట్టిన స్కాట్లాండ్ పల్లెల్లో ఫెయిరీలు మనుషులంత ఉంటారు, గుర్రాలెక్కుతారు, వాళ్ళకి రాజు రాణి దర్బారు ఉంటాయి, గుట్టల కింద ఇళ్ళుంటాయి. వాళ్ళని పేరు పెట్టి పిలవడానికే జనం జంకేవాళ్ళు, "మంచి పొరుగువాళ్ళు" అనేవాళ్ళు. మన ఊళ్ళల్లో రాత్రిపూట పాముని పాము అనకుండా పురుగు అంటారు, మశూచి వస్తే అమ్మవారు పోసింది అనేవాళ్ళు, అలాంటి భయభక్తి అన్నమాట. అది ముద్దుపేరు కాదు, వాళ్ళకి కోపం రాకుండా తీసుకునే జాగ్రత్త.

ఆ నమ్మకం ఎంత లోతుగా ఉండేదో తెలియాలంటే రాబర్ట్ కిర్క్ సంగతి చూడాలి. ఈయన అబర్‌ఫోయిల్ అనే ఊళ్ళో చర్చి పాస్టరు, చదువుకున్న మనిషి. 1691 ప్రాంతంలో ఫెయిరీల గురించి ఒక గ్రంథమే రాశాడు, వాళ్ళ ఇళ్ళు, తిండి, మనుషుల్ని ఎత్తుకెళ్ళే పద్ధతి, బాలింతల్ని తీసుకెళ్ళి వాళ్ళ పిల్లలకి పాలిప్పించుకోవడం, అన్నీ వివరంగా. మరుసటి ఏడాది చనిపోయాడు, ఊళ్ళో వాళ్ళు మాత్రం ఆయన చనిపోలేదు, రహస్యాలు బయటపెట్టినందుకు ఫెయిరీలే పట్టుకుపోయారు అనుకున్నారు, ఆ మాట ఇప్పటికీ అక్కడ చెప్తారు.

అసలు కథ ఇది

జనంలో ఎక్కువగా నిలిచిన పాఠం కవి రాబర్ట్ బర్న్స్ ఒక పాటల సంకలనానికి ఇచ్చినది, 1796లో అచ్చయింది, 42 చరణాలు. అది ఒక నిషేధంతో మొదలవుతుంది. జుట్టులో బంగారం పెట్టుకున్న ఆడపిల్లలెవరూ కార్టర్‌హా అనే చోటు వైపు వెళ్ళొద్దు, అక్కడ టామ్ లిన్ ఉన్నాడు, ఆ దారిన వెళ్ళినవాళ్ళు ఉంగరమో, ఆకుపచ్చ పైబట్టో, అదీ కాకపోతే కన్యాత్వమో అతనికి వదిలిపెట్టి రావాల్సిందే అని.

ఆ మాట వినగానే జానెట్ ఏం చేస్తుందంటే ఆకుపచ్చ పావడా మోకాలి పైకి ఎగదోపుకుని, పసుపుపచ్చటి జుట్టు నుదుటి పైకి ముడేసుకుని, నేరుగా కార్టర్‌హాకే బయల్దేరుతుంది. ఈ ఎగదోపుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కార్టర్‌హాకి వెళ్ళిన రెండుసార్లూ పాటలో ఇది వస్తుంది. పొలంలో నాట్లకి దిగే మనిషి కుచ్చిళ్ళు దోపుకున్నట్టే, పనికి దిగుతోందని వినేవాళ్ళకి అక్కడే తెలిసిపోతుంది.

అక్కడ బావి దగ్గర ఒక గుర్రం నిలబడి ఉంటుంది, మనిషి కనపడడు. ఆమె జంట గులాబీ కోస్తుంది, కొయ్యగానే టామ్ లిన్ ప్రత్యక్షమై నా అనుమతి లేకుండా ఎందుకు కోశావంటాడు. కార్టర్‌హా నాది, మా నాన్న నాకిచ్చాడు, నిన్ను అడగాల్సిన పనిలేదు అంటుంది. తర్వాత జరిగింది బర్న్స్ పాఠం చెప్పదు, నేరుగా ఇంటికి దూకేస్తుంది. మిగతా ఆడవాళ్ళు బంతాట, చదరంగం ఆడుకుంటుంటే జానెట్ మొహం గాజులా ఆకుపచ్చగా పాలిపోయి ఉంటుంది. ఒక ముసలి నైట్ (గుర్రపు వీరుడు) నీ వల్ల మా అందరికీ మాట వస్తుంది అంటే, ఆమె అతని నోరు మూయిస్తుంది, నా బిడ్డకి తండ్రి ఎవరో నేను చెప్తాను, నీ పేరైతే చెప్పను అని. తండ్రి మాత్రం మెత్తగా అడుగుతాడు, అమ్మా నువ్వు గర్భంతో ఉన్నట్టున్నావు అని. అవును నాన్నా, తప్పు నాదే, కానీ నీ కొలువులో ఉన్న ఏ దొర పేరూ ఈ బిడ్డకి పెట్టను, నా వాడు ఈ లోకపు మనిషి కాదు అంటుంది.

మళ్ళీ కార్టర్‌హాకి వెళ్ళి మళ్ళీ గులాబీ కోస్తుంది. ఈసారి టామ్ లిన్ అడిగే ప్రశ్న వేరు, మనిద్దరి బిడ్డని చంపడానికా ఈ పువ్వులు కోస్తున్నావు అని. కొన్ని పాఠాల్లో ఇది గులాబీ కాదు, గర్భం పోగొట్టే మొక్క అని స్పష్టంగానే ఉంటుంది. ఇప్పుడు జానెట్ ఎదురు ప్రశ్న వేస్తుంది, నువ్వు ఎప్పుడైనా చర్చిలో అడుగుపెట్టావా, నీకు బాప్టిజం అయిందా అని. ఈ ప్రశ్నతో కథ మలుపు తిరుగుతుంది, ఎందుకంటే అతను పుట్టుకతో ఫెయిరీ అయితే బిడ్డకి దారి లేదు, బాప్టిజం అయిన మనిషే అయితే వెనక్కి తెచ్చుకునే వీలుంది. అతను మనిషే. రాక్స్‌బర్గ్ ప్రభువు మనవణ్ణి, చలిరోజు వేట నుంచి వస్తూ గుర్రం మీంచి పడిపోతే ఫెయిరీల రాణి పట్టుకుని తన ఆకుపచ్చ కొండలోకి తీసుకెళ్ళింది అని చెప్తాడు.

పువ్వు కొయ్యడం అంటే తలుపు కొట్టడం

కార్టర్‌హా కల్పిత స్థలం కాదు. సెల్కిర్క్ పట్టణానికి మైలు దూరంలో ఎట్రిక్, యారో అనే రెండు ఏర్లు కలిసే చోట ఉన్న మైదానం. రచయిత వాల్టర్ స్కాట్ ఈ పాటని అచ్చేసినప్పుడు రాసిన నోట్ లో, చుట్టుపక్కల రైతులు గడ్డిలో గుండ్రటి గుర్తులు చూపించి ఇవి ఫెయిరీలు ఆడిన చోట్లు అని చెప్పేవాళ్ళని, పాట ప్రకారం పాల కుండ, నీళ్ళ కుండ పెట్టిన చోట్ల గడ్డి మొలవదని నమ్మేవాళ్ళని రాశాడు. ఆ గుండ్రటి గుర్తులకి కారణం నేలలో వలయంగా పాకే పుట్టగొడుగుల జాతి అని ఇప్పుడు తెలుసు, కానీ చెప్పుకునే కథకి కంటితో చూసే గుర్తు ఒకటి నేల మీద ఉండటం వల్లే ఆ కథ అక్కడ పాతుకుపోయింది.

రెండు నీళ్ళు కలిసే చోటు, బావి, అడవి అంచు, ఇవన్నీ ఫెయిరీ కథల్లో రెండు లోకాల మధ్య సరిహద్దులు. అక్కడి నుంచి ఏదైనా తీసుకుంటే అది అవతలివాళ్ళ సొత్తు తీసుకున్నట్టు, కాబట్టి కాపలావాడు వస్తాడు, ప్రతిగా ఏదో ఒకటి తాకట్టు అడుగుతాడు. మొదటి చరణాల్లో ఉంగరం, పైబట్ట, కన్యాత్వం అని వచ్చేది ఈ తాకట్టే. జానెట్ మాత్రం ఈ లెక్కనే ఒప్పుకోదు, భూమి నా పేరు మీద ఉంది అంటుంది. అంటే ఒకే నేల మీద రెండు హక్కులు గొడవపడుతున్నాయి, మనుషుల కాగితం ఒకటి, ఫెయిరీల ఆనవాయితీ ఒకటి. భూమి తగాదాలు చూసినవాళ్ళకి ఈ సీన్ వెంటనే అర్థమవుతుంది.

బర్న్స్ పాఠం మౌనంగా వదిలేసిన చోట మిగతా పాఠాలు ఒక మాట మీద లేవు. కొన్నిట్లో ఆమెని అడగకుండానే అని సూటిగా ఉంటుంది, కొన్నిట్లో ఏం జరిగిందో చెప్పలేను, పచ్చటి ఆకులు అడ్డంగా ఉన్నాయి అని తప్పుకుంటుంది. ఇప్పటి పాఠకులు ఈ చోట ఇబ్బంది పడతారు, పడటం న్యాయమే, దీన్ని ప్రేమకథగా మాత్రమే చెప్పేసే ఇప్పటి రీటెల్లింగులు ఆ పాత చరణాల్ని కనపడకుండా చేస్తున్నాయి.

ఏడేళ్ళకోసారి పదో వంతు

పాటలో అందరినీ ఆపే చరణం ఇది. ఫెయిరీ లోకం చాలా బాగుంటుంది కానీ, ప్రతి ఏడేళ్ళకి వాళ్ళు నరకానికి పన్ను కడతారు, నేను ఒంటి మీద కండతో నిగనిగలాడుతూ ఉన్నాను, ఈసారి నన్నే ఇచ్చేస్తారని భయంగా ఉంది అంటాడు టామ్ లిన్.

ఇక్కడ పన్నుకి వాడిన స్కాట్స్ మాట టీండ్. అది మామూలు పన్ను కాదు, పంటలో పదో వంతు చర్చికి కట్టాల్సిన భాగం. అప్పట్లో స్కాట్లాండ్ లో ప్రతి రైతుకీ తెలిసిన బాధ. పాట వినే జనం తమ గడ్డివాములోంచి పదో వంతు బండెక్కడం చూసినవాళ్ళే, కాబట్టి ఫెయిరీలు కూడా పై అధికారికి భాగం కొలవాల్సిందే అనేది వాళ్ళకి వింతగా అనిపించి ఉండదు.

ఎందుకు నరకానికే? క్రైస్తవం వచ్చాక పాత నమ్మకాల్లోని ఈ జీవుల్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దేవదూతలు కాదు, దయ్యాలూ కాదు. స్వర్గంలో తిరుగుబాటు జరిగినప్పుడు ఏ పక్షమూ తీసుకోనివాళ్ళు మధ్యలో భూమ్మీద పడిపోయారు, వాళ్ళే ఫెయిరీలు అనే వివరణ స్కాట్లాండ్ లోనూ ఐర్లాండ్ లోనూ చెప్పేవాళ్ళు. అలా మధ్యలో మిగిలినవాళ్ళు బలమైన పక్కింటివాడికి కప్పం కట్టి బతకడం అనేది ఆ వివరణకి అతికినట్టు సరిపోతుంది. కప్పంగా సొంతవాళ్ళని ఇవ్వడం ఇష్టం లేదు, అందుకే మనుషుల్ని ఎత్తుకొచ్చి మేపుతారు. టామ్ లిన్ కి తెల్లగుర్రం, మర్యాద, అందం అన్నీ ఉన్నాయి, కానీ జాతరకి మేపుతున్న పొట్టేలు పరిస్థితి అతనిది.

ఈ బాకీ ఈ ఒక్క పాటలోనే లేదు. సెల్కిర్క్ కి దగ్గర్లోనే ఈల్డన్ కొండలున్నాయి, 13వ శతాబ్దపు థామస్ ఆఫ్ ఎర్సెల్డూన్ అనే మనిషి అక్కడే ఫెయిరీల రాణితో వెళ్ళిపోయాడని కథ. ఆ కథ మీద ఉన్న మధ్యయుగపు కావ్యంలో రాణి తనే థామస్ ని వెనక్కి పంపేస్తుంది, రేపు నరకం నుంచి దూత వస్తాడు తన భాగం తీసుకోడానికి, నువ్వు అందంగా ఉన్నావు, నిన్నే ఎంచుకుంటాడు, వెళ్ళిపో అంటుంది. బాకీ అదే, భయం అదే, కానీ అక్కడి రాణి వదిలేస్తుంది, టామ్ లిన్ రాణి వదలదు. అందుకే అక్కడ కాపాడటానికి ఎవరూ రానక్కర్లేదు, ఇక్కడ జానెట్ రావాల్సి వచ్చింది.

ఇది పాటల వరకే ఆగిన నమ్మకం అయ్యుంటే బాగుండేది. 1588లో ఫైఫ్ ప్రాంతపు అలిసన్ పియర్సన్ అనే ఆవిడని మంత్రగత్తె అని విచారించారు. ఫెయిరీల మధ్య ఉన్న చుట్టం ఒకడు తనకి జాగ్రత్త చెప్పాడని, వీళ్ళలో పదో వంతుని ఏటా నరకానికి తీసుకెళ్తారని హెచ్చరించాడని ఆమె చెప్పిన మాట కోర్టు రికార్డుల్లో ఉంది. ఆమెకి మరణశిక్ష వేశారు. అంతకు 12 ఏళ్ళ ముందు, 1576లో బెస్సీ డన్‌లప్ అనే ఆవిడ, యుద్ధంలో చనిపోయిన ఒక మనిషి ఫెయిరీల తరఫున వచ్చి తనకి మందులు నేర్పాడని చెప్పి అదే గతి పట్టింది. మంత్రవిద్య మీద చట్టం 1563లో వచ్చి 1736 దాకా ఉంది, ఆ కాలంలో స్కాట్లాండ్ లో నిందపడినవాళ్ళు 3,800 పైచిలుకు మంది లెక్కకి దొరుకుతున్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. పాటలో జానెట్ ఫెయిరీ మనిషిని ప్రేమించానని తండ్రి ముందు తలెత్తి చెప్తుంది. అదే మాట అదే దేశంలో ఒక పేద ఆడమనిషి న్యాయాధికారి ముందు చెప్తే ప్రాణం పోయేది. ఈ తేడా గుర్తుపెట్టుకుని వింటే పాట బరువు మారిపోతుంది.

ఆ రాత్రే ఎందుకు

హాలోవీన్, అంటే అక్టోబర్ 31 రాత్రి. గేలిక్ జనాల (ఐర్లాండ్ లో, ఉత్తర స్కాట్లాండ్ లో ఆ పేరున్న సెల్టిక్ భాష మాట్లాడేవాళ్ళు) పాత క్యాలెండర్ లో నవంబర్ 1 సావిన్ పండగ, ఎండాకాలం సగం అయిపోయి చలికాలం సగం మొదలయ్యే రోజు. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందనే లెక్క కాబట్టి ముందు రాత్రే అసలు సంధి. పశువుల్ని కొండల మీంచి దించేస్తారు, అదే సమయంలో ఫెయిరీలు కూడా ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకి ఊరేగింపుగా వెళ్తారని నమ్మకం. ఇళ్ళు మారుతున్నప్పుడు గేటు తెరిచి ఉన్నట్టు, ఏడాదిలో ఆ ఒక్క రాత్రి లోపలివాణ్ణి బయటికి లాగడం కుదురుతుంది. టామ్ లిన్ చెప్పిన చోటు మైల్స్ క్రాస్ అనే కూడలి, అది బౌహిల్ దగ్గర ఉండేదని, మేరీస్ క్రాస్ అనే పేరే అలా అరిగిపోయి ఉండొచ్చని స్కాట్ రాశాడు. సమయం నడిరాత్రి. అంటే కాలం, చోటు, గడియ మూడూ అంచు మీదవే.

గుర్తులు కూడా పక్కాగా చెప్తాడు. నల్లగుర్రాన్ని పోనీ, గోధుమరంగు గుర్రాన్ని పోనీ, పాలతెలుపు గుర్రం రాగానే పరిగెత్తి రౌతుని కిందకి లాగు, అది నేనే. కుడిచేతికి గ్లవ్ ఉంటుంది, ఎడమచెయ్యి ఖాళీగా ఉంటుంది.

"పట్టుకో, భయపడకు"

జానెట్ చేతిలో కత్తి లేదు. మంత్రం లేదు. చెయ్యాల్సిందల్లా పట్టుకున్నది వదలకపోవడం. ఆమె చేతుల్లో అతన్ని నీటిబల్లిగా, పాముగా మారుస్తారు, తర్వాత ఎలుగుబంటి, తర్వాత సింహం, తర్వాత ఎర్రగా కాలిన ఇనప కడ్డీ, చివరికి మండే నిప్పుకణిక. ఈ వరసలో ఒక లెక్క ఉంది. ముందొచ్చేవి జిగురుగా, చల్లగా ఒంటి మీద పాకేవి, అక్కడ దెబ్బ తినేది అసహ్యం. తర్వాతవి కోరలున్నవి, అక్కడ ప్రాణభయం. ఆఖరివి జంతువులే కావు, అక్కడ మిగిలేది ఉత్త నొప్పి. మూడు రకాల కారణాలకి మనిషి చెయ్యి వదిలేస్తుంది, మూడింటినీ పాట వరసగా పరీక్షిస్తుంది. మధ్యమధ్యలో ఒకే పల్లవి లాంటి మాట: గట్టిగా పట్టుకో, భయపడకు, నీ బిడ్డకి తండ్రిని నేను.

నిప్పుకణిక కాగానే బావి నీళ్ళలో పడెయ్యమంటాడు. కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుముని నీళ్ళలో ముంచే పద్ధతి ఇందులో కనిపిస్తుంది, బాప్టిజం నీళ్ళూ కనిపిస్తాయి. కొన్ని పాఠాల్లో ముందు పాలు, తర్వాత నీళ్ళు. నీళ్ళలోంచి బయటికొచ్చేది నగ్నంగా ఉన్న మనిషి, అప్పుడే పుట్టిన బిడ్డలాగ, అతన్ని ఆమె తన ఆకుపచ్చ పైబట్టతో కప్పాలి. యూరప్ లో పెళ్ళికి ముందు పుట్టిన పిల్లల్ని పెళ్ళిరోజు తల్లి పైబట్ట కింద నిలబెట్టి సొంతం చేసుకునే ఆచారం ఉండేది, కప్పడం అంటే నావాడు అని నలుగురి ముందు చెప్పడం. మొదటి చరణాల్లో తాకట్టుగా పోగొట్టుకోవాల్సిన వస్తువుల్లో ఈ ఆకుపచ్చ పైబట్ట ఒకటి, చివరికి దానితోనే ఆమె గెలుస్తుంది.

రూపాలు మారుతున్నా వదలకుండా పట్టుకోవడం స్కాట్లాండ్ సొంత ఆలోచనేం కాదు. గ్రీకు పురాణంలో పీలియస్ సముద్రకన్య థెటిస్ ని అలాగే పట్టుకుంటాడు, ఆమె నిప్పు, నీళ్ళు, మృగం అయినా వదలడు. తేడా ఎక్కడంటే అక్కడ మగవాడు లొంగదీసుకోడానికి పట్టుకుంటాడు, ఇక్కడ ఆడది విడిపించడానికి పట్టుకుంటుంది, పైగా గర్భంతో ఉండి. యముడి వెంట నడిచి మొగుణ్ణి తెచ్చుకున్న సావిత్రి కథ తెలిసినవాళ్ళకి జానెట్ పరాయిది అనిపించదు. సావిత్రి మాటలతో గెలుస్తుంది, జానెట్ నోరు విప్పదు.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి, మామూలుగా వింటే జారిపోతుంది. బర్న్స్ పాఠంలో ఈ పాములూ సింహాలూ నిప్పులూ నిజంగా జరుగుతున్నట్టు ఎక్కడా పాడరు. అవన్నీ టామ్ లిన్ ముందుగా చెప్పే మాటల్లోనే వస్తాయి, ఇలా చేస్తారు, అలా మారుస్తారు అని, వరసగా నాలుగు చరణాలు. తీరా ఆ రాత్రి వచ్చాక, కళ్ళేల గంటలు వినపడగానే ఆమెకి సంతోషం కలిగిందని ఒక మాట, తెల్లగుర్రం మీంచి రౌతుని లాగిందని ఒక చరణం, ఆ తర్వాత అతను చెప్పింది గుర్తుపెట్టుకుంది, గెలిచింది, అంతే. జరగబోయేదాన్ని వినేవాళ్ళు మనసులో ముందే అనుభవించేశారు కాబట్టి రెండోసారి పాడాల్సిన పనిలేదు. ఇంత పొదుపు నోటిపాటకే సాధ్యం, ఎందుకంటే పాడేవాళ్ళకి ఊపిరి లెక్క తెలుసు.

సెల్టిక్ అనొచ్చా

సగం అనొచ్చు. సావిన్ రాత్రి, గుట్టల కింద ఇళ్ళు, ఎత్తుకెళ్ళడం, ఇవన్నీ గేలిక్ ప్రాంతాల్లోనూ ఐర్లాండ్ లోనూ బలంగా ఉన్న నమ్మకాలు. కానీ పాట ఉన్నది గేలిక్ లో కాదు, స్కాట్స్ లో, అంటే ఇంగ్లీషుకి అక్క లాంటి జర్మానిక్ భాషలో. పాటలో టామ్ లిన్ ని పిలిచే ఎల్ఫిన్ (ఫెయిరీ జాతివాడు) అనే మాట ఆ జర్మానిక్ వైపు నుంచే వచ్చింది. నాలుగు పాదాల చరణం, రెండో పాదానికీ నాలుగో పాదానికీ ప్రాస కుదరడం, ఈ బ్యాలడ్ (కథాగేయం) మూస డెన్మార్క్ దాకా పరుచుకున్న యూరోపియన్ రూపం. పుట్టిన చోటేమో దక్షిణ స్కాట్లాండ్, ఉత్తరాన హైలాండ్స్ అనే కొండప్రాంతం కాదు. అక్కడ కూడా వెయ్యేళ్ళ క్రితం దాకా వెల్ష్ కి దగ్గరైన కంబ్రిక్ అనే సెల్టిక్ భాష మాట్లాడేవాళ్ళు కాబట్టి పాత పొరలు నేలలో మిగిలి ఉండొచ్చు. మ్యూజిక్ మార్కెట్ మాత్రం వయొలిన్, బ్యాగ్‌పైప్ వినపడితే చాలు అన్నిటికీ ఒకటే స్టిక్కర్ అంటిస్తుంది. దాని వల్ల నష్టం ఏంటంటే, రెండు మూడు భాషలవాళ్ళు ఒకే లోయలో కలిసి బతకడం వల్ల పుట్టిన పాటని ఒక్క జాతి ఖాతాలో రాసేయడం.

ఏది అసలు పాట

ఇది చాలామంది వేసే ప్రశ్న, దీనికి జవాబు లేదు, ఉండదు కూడా. 1549 నాటి ఒక స్కాట్స్ గ్రంథంలో గొర్రెల కాపరులు చెప్పుకునే కథల జాబితాలో యంగ్ టామ్లీన్ అనే పేరుంది, కథ మాత్రం రాయలేదు. 1769లో డేవిడ్ హెర్డ్ ఒక ముక్క అచ్చేశాడు, 1796లో బర్న్స్ ది వచ్చింది, 1802లో వాల్టర్ స్కాట్ ది. స్కాట్ చాలామంది పాడినవి కలిపి కుట్టాడు, లాంగ్‌హోమ్ దగ్గర ఉండే ఒక పెద్దమనిషి ఇచ్చిన చరణాలు కూడా చేర్చాడు, ఫెయిరీల జీవితం గురించి వర్ణనలతో నిండిన ఆ చరణాలు కాస్త కొత్తగా ఉన్నాయని తనే ఒప్పుకున్నాడు. తర్వాత హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 దాకా 305 బ్యాలడ్లని పాఠాంతరాలతో సహా అచ్చేశాడు, అందులో ఇది 39వ నంబరు, డజనుకి పైగా పాఠాలున్నాయి. కొన్నిట్లో జానెట్ పేరు మార్గరెట్. ఇప్పుడు "చైల్డ్ 39" అని కనిపిస్తే అది పిల్లలకి సంబంధించింది కాదు, ఆ ప్రొఫెసర్ ఇంటిపేరు.

అచ్చు వల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. కార్టర్‌హా పక్కనే ఎట్రిక్ లోయలో ఉండే మార్గరెట్ లెయిడ్‌లా, రచయిత జేమ్స్ హాగ్ తల్లి, స్కాట్ ని మొహం మీదే అడిగిందట, ఈ పాటలు పాడుకోడానికి, చదువుకోడానికి కాదు, నువ్వు అచ్చేసి పాడుచేశావు, ఇక ఎవరూ పాడరు అని. ఈ మాట ఆమె కొడుకే రాశాడు. మన దగ్గర కూడా 1874లో జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి సర్వాయి పాపడి పాటని ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చేయించాడు. అచ్చులో దొరికిన ఒక పాఠమే పాట అనుకుంటే, అచ్చెక్కని గొంతులు లెక్కలోకి రాకుండా పోతాయి, అక్కడా ఇక్కడా ఇదే ఇబ్బంది.

అయితే ఆ పెద్దావిడ భయపడినంతా జరగలేదు. 1951లో ఎడిన్‌బరా యూనివర్సిటీలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ మొదలయ్యాక టేప్ రికార్డర్లతో ఊళ్ళు తిరిగితే, సంచారజాతుల కుటుంబాల్లో టామ్ లిన్ ఇంకా పాడుతున్నారు, అక్షరం రానివాళ్ళ నోళ్ళలో. ఆ రికార్డింగులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వినొచ్చు, బ్యాండ్ హోరు లేకుండా ఒక్క గొంతు పాడుతుంటే ఇదే పాట వేరేలా ఉంటుంది. మరోవైపు 2013లో అనాయిస్ మిచెల్, జెఫర్సన్ హామర్ అనే అమెరికన్ గాయకులు ఫెయిరీల్ని పూర్తిగా తీసేసి పాడారు, పన్ను లేదు, ఊరేగింపు లేదు, ఇద్దరు మనుషులూ ఒక గర్భమూ మిగిలాయి. వినడానికి బాగుంది, కానీ అతన్ని ఆ రాత్రే ఎందుకు విడిపించాలో చెప్పే బాకీ పోయేసరికి కథలోంచి గడువు పోయింది.

చివరి మాట రాణిది

పాట పెళ్ళితో ముగియదు, పిల్లాడు పుట్టడంతోనూ ముగియదు. పొదలోంచి ఫెయిరీల రాణి గొంతు వినిపిస్తుంది. నా కొలువులో అందరికన్నా అందమైనవాణ్ణి పట్టుకుపోయింది అని, ఆ అమ్మాయికి చెడ్డచావు రావాలని తిడుతుంది. తర్వాత టామ్ లిన్ వైపు తిరుగుతుంది: ఈ రాత్రి ఇలా అవుతుందని ముందే తెలిస్తే నీ రెండు బూడిదరంగు కళ్ళు పీకేసి చెక్కకళ్ళు పెట్టేదాన్ని అని.

కళ్ళే ఎందుకంటే, అక్కడి కథల్లో ఫెయిరీల్ని చూడగలిగిన కంటిని వాళ్ళు బతకనివ్వరు. వాళ్ళకి పురుడు పోయడానికి వెళ్ళిన మంత్రసాని పొరపాటున ఫెయిరీల లేపనం కంటికి రాసుకుని, తర్వాత సంతలో వాళ్ళని గుర్తుపట్టి పలకరిస్తే, ఏ కంటితో చూశావని అడిగి ఆ కన్ను పొడిచేస్తారు, బ్రిటన్ అంతటా చెప్పే కథ ఇది. టామ్ లిన్ ఏళ్ళ తరబడి లోపలుండి అన్నీ చూశాడు, ఆ కళ్ళతోనే జానెట్ నీ చూశాడు, ఏ గుర్రం ముందొస్తుందో ఏ చేతికి గ్లవ్ ఉంటుందో ఆమెకి చెప్పగలిగింది కూడా ఆ కళ్ళ వల్లే. రాణి తన పొరపాటు ఎక్కడ జరిగిందో సరిగ్గానే కనిపెట్టింది. ఆ చరణం దగ్గర పాట ఆగిపోతుంది, ఆమెకి ఎవరూ జవాబు చెప్పరు.